తాళం తీసిన అల్మారా



మన పల్నాడులో చెంచు గూడేలున్నాయి, సుగాలీ తండాలున్నాయి. అక్కడి నుంచి కాలేజీకొచ్చే పిల్లలకు పుస్తకాలు కొనడం భారమే. కాలేజీ లైబ్రరీ చిన్నదైనా, వాళ్లకు అదే అండ.

అందులో పాఠ్యపుస్తకాలుండాలి, పోటీపరీక్షల పుస్తకాలుండాలి. వాళ్ల భాష, వాళ్ల చరిత్ర చెప్పేవీ ఉండాలి. గిరిజన భాషైన సవరలో వాచకాలు రాసిన గిడుగు రామమూర్తి గారి శ్రమ గిరిజన విద్యార్థికి తెలియాలి కదా!

ఉంటే చాలదు, చేతికి అందాలి. 1935లో ఉమ్మడి గుంటూరు జిల్లాలో పెదవడ్లపూడి, కొల్లిపరల మధ్య కాలువలో పడవ గ్రంథాలయం నడిచింది. పుస్తకమే పాఠకుడి దగ్గరికి వెళ్లింది.

అధ్యాపకులారా, అల్మారా తాళం తీయండి. సాయంత్రం కూడా గది తెరవండి. పుస్తకం ఇంటికివ్వండి. విద్యార్థులారా, అడిగి తీసుకెళ్లండి. చదివే చేతికి అందితేనే అది లైబ్రరీ.