కాయిన్ అమ్మి క్యాష్ చేసుకునే ముందు నాలుగు మాటలు

పోయిన ఆదివారం హారిసన్‌లో మనవాళ్ళ ముందు నేను మాట్లాడిన మాటలివి. డ్యూటీ ఉండి రాలేకపోయినవాళ్ళ కోసం రాసి పెడుతున్నా.

నేను పదో తరగతి చదివినవాణ్ణి. దుబాయ్‌లో షట్టరింగ్ పనితో మొదలుపెట్టి ఇక్కడ సైట్ సూపర్‌వైజర్ దాకా వచ్చా. క్రిప్టో గురించి పెద్ద చదువేమీ లేదు. దెబ్బ తిని నేర్చుకున్నదే చెబుతా.

పోయినేడాది ఒకాయన ఇంట్లో శని, ఆదివారాలు టైల్స్ పని చేసిపెట్టా. డబ్బుకి బదులు 300 డాలర్ల బిట్‌కాయిన్ ఫోన్‌కి పంపాడు. నోట్లు కావాలనే తొందరలో ఒక షాపులో ఉన్న క్రిప్టో మిషన్ దగ్గరికి పోయా. ఛార్జీలు, రేటు తేడా పోను చేతికి 255 వచ్చింది. స్క్రీన్ మీద రాసే ఉంది, నేనే చదవలేదు.

నాది చిన్న దెబ్బ. మనలో ఒక తమ్ముడికి తగిలింది పెద్దది. టెలిగ్రామ్‌లో ఎవరో మంచి రేటు ఇస్తానంటే 400 డాలర్ల యూఎస్‌డీటీ పంపాడు. డబ్బు అకౌంట్లో పడింది, కానీ వేరే పేరు మీద నుంచి. అది ఎవరినో మోసం చేసి లాగిన డబ్బు. బ్యాంకువాళ్ళు అకౌంట్ ఆపేశారు. అదే వారం జీతం కూడా అందులోనే పడి ఇరుక్కుంది. అద్దెకి మనమే తలా కొంచెం వేశాం. గల్ఫ్‌లో హుండీవాడు కనీసం ఎవరి తాలూకో తెలిసేది. టెలిగ్రామ్‌లో ఉన్నవాడి మొహం కూడా తెలియదు కదా!

మరి సరైన దారి ఏది?

1. ఆస్ట్రాక్ అనే ప్రభుత్వ సంస్థ దగ్గర రిజిస్టర్ అయిన ఎక్స్‌ఛేంజిలోనే అమ్మండి. 2018 నుంచి ఇది చట్టం. పేరు ఉందో లేదో వాళ్ళ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు.

2. అకౌంట్ మీ పేరు మీద, మీ పాస్‌పోర్టుతోనే తెరవండి. స్నేహితుడి అకౌంట్ వద్దు.

3. ముందు పది డాలర్లే పంపి చూడండి. పంపే నెట్‌వర్క్, అందుకునే నెట్‌వర్క్ ఒకటే ఉండాలి. తేడా వస్తే కాయిన్ తిరిగి రాకపోవచ్చు.

4. ఆస్ట్రేలియన్ డాలర్లకి అమ్మి, మీ సొంత బ్యాంకు అకౌంట్‌కే తెచ్చుకోండి. తర్వాత ఏటీఎంలో నోట్లు తీసుకోండి. ఒకటి రెండు రోజులు ఆలస్యమైనా నష్టం లేదు.

5. తేదీ, ఆ రోజు విలువ స్క్రీన్‌షాట్ తీసి దాచండి. పనికి బదులు వచ్చిన కాయిన్ కూడా ఆదాయమే. అమ్మినప్పుడు లాభం వస్తే దానికీ లెక్క చెప్పాలి. ఎక్స్‌ఛేంజిల వివరాలు ఏటీవోకి వెళ్తాయి. కొంచెమే కదా అని వదిలేయకండి.

ఇంకో మాట. "నీ అకౌంట్‌లో డబ్బు వేస్తా, కాయిన్ కొని పంపు, కమిషన్ తీసుకో" అని ఎవడైనా అంటే అక్కడే ఆపేయండి. దొంగ డబ్బు మన చేతుల మీదుగా నడిపిస్తారు. కేసు మన మీద పడుతుంది, వీసాకే ఎసరు.

కంపెనీ జీతం కాయిన్‌లో ఇస్తానంటే ఒప్పుకోవద్దు. ఇక్కడి ఫెయిర్ వర్క్ చట్టం ప్రకారం జీతం డబ్బు రూపంలోనే ఇవ్వాలి. ఫెయిర్ వర్క్ నంబర్ 13 13 94. ఇంగ్లీషు కష్టమైతే ముందు 131 450కి చేసి తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి.

మోసపోతే మొదట బ్యాంకుకి ఫోన్ చేయండి, తర్వాత రిపోర్ట్‌సైబర్‌లో ఫిర్యాదు పెట్టండి. ఇండియాలో ఇంటివాళ్ళకి జరిగితే 1930. ఎంత తొందరగా చెబితే డబ్బు దొరికే అవకాశం అంత.

ఆ తమ్ముడు సిగ్గుపడి పదిరోజులు ఎవరికీ చెప్పలేదు. అదే ఎక్కువ నష్టం చేసింది. పంపే బటన్ నొక్కేముందు గ్రూపులో ఒక్క మాట అడగండి. ఎవరూ నవ్వరు. అందరం చెమటోడ్చి సంపాదించేవాళ్ళమే.