ఏటేటి గురుదక్షిణ
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



నేను పండితుడను కాను. ఊరి లెక్కలు వ్రాసికొనుచు, తీరిక వేళల ఈ గ్రంథాలయపు బల్లపై కావ్యములు చదువుకొన్నవాడను. విద్యాదానమును గూర్చి మాటాడుమని పెద్దలు సెలవిచ్చిరి. దానపు మహిమను చెప్పువారు పెక్కురు కలరు. నేను దాని లెక్కను చెప్పెదను.

రఘువంశమున కౌత్సుడను శిష్యుడు కలడు. నీ భక్తియే చాలునని గురువు చెప్పినను వినక, దక్షిణ కోరుమని నిర్బంధించెను. గురువు కోపించి, పదునాలుగు విద్యలకు పదునాలుగు కోట్లు తెమ్మనెను. రఘుమహారాజు వలన ఆ ధనము లభించెను, ఋణము తీరెను. లెక్కలవాని కన్నులతో చూచిన, కౌత్సుని ఖాతా ఆనాడే మూయబడినది. విద్యాఋణము ఒక్క పద్దుతో తీరునదేనా?

ఋణధర్మము తెలిసినవారు న్యాయవాదులు. తమను చదివించిన కళాశాలలకు వారేమి చేసిరో చూతము. ఈ విషయమున అమెరికా దేశపు న్యాయకళాశాలల చరిత్రలో మూడు మార్గములు కానవచ్చును.

మొదటిది మహాదాత మార్గము. హార్వర్డు న్యాయకళాశాల 1817లో వెలసినది. 1781లో మరణించిన ఐజక్ రాయల్ అను ధనికుడు వ్రాసియిచ్చిన ఆస్తితో 1815లో ఏర్పడిన ఆచార్యపీఠమే దానికి మూలము. ఆ కుటుంబపు గుర్తగు మూడు గోధుమపనలు కళాశాల చిహ్నమున చేరెను. కాని ఆ సంపద ఆంటిగ్వా ద్వీపపు తోటలలో బానిసల చెమటతో కూడినది. విద్యార్థులు ఆందోళన చేయగా, 2016లో కళాశాల ఆ చిహ్నమును విడిచెను. ఒక్కని దానముపై నిలిచిన సంస్థ అతని పుణ్యమునే కాక పాపమును కూడ జమకట్టుకొనవలసి వచ్చును.

రెండవది వ్యాపార మార్గము. న్యూయార్కు విశ్వవిద్యాలయ న్యాయకళాశాల మేలుకోరి, దాని పూర్వవిద్యార్థులు 1947లో మాకరోనీ చేయు మ్యూలర్ కంపెనీని కొనిరి. సేమ్యావంటి ఆ పిండివంటపై వచ్చిన లాభము న్యాయవిద్యకు చేరెను! ధర్మసంస్థ పేర పన్ను లేదనిరి. ఇది అన్యాయపు పోటీయను వాదము బయలుదేరగా, విద్యతో సంబంధములేని వ్యాపారలాభముపై 1950లో అచటి శాసనసభ పన్ను విధించెను. 1970వ దశకమున ఆ కంపెనీని 11 కోట్ల 50 లక్షల డాలర్లకు అమ్మిరి. లాభసాటి బేరమే, కాని అట్టి అదృష్టము ఎన్ని సంస్థలకు పట్టును?

మూడవది ఏటేటి చందా. 1890లో యేల్ విశ్వవిద్యాలయపు పూర్వవిద్యార్థులు నెలకొల్పిన వార్షికనిధి దీనికి దారి చూపెను. న్యాయకళాశాలలును దీనిని అవలంబించినవి. ఒకే సంవత్సరమున పట్టము పొందినవారిలో ఒకడు తోటివారికి జాబులు వ్రాయును. ఎంత వచ్చినదనియే కాక, నూటికి ఎందరు ఇచ్చిరనియు లెక్కింతురు. ఆ సొమ్ము బీదవిద్యార్థుల వేతనములకును, తక్కువ జీతమునకు ప్రజాసేవ చేయు యువన్యాయవాదుల చదువుల అప్పు తీర్చుటకును ఉపకరించును. ఇందును లోపము కలదు: ధనికులను తయారుచేసిన కళాశాలకే ధనము కుప్పగా చేరును. అందుచేతనే రూపాయలతోపాటు తలలను లెక్కించుట మేలు.

శాశ్వతనిధిలో మూలమును ముట్టక, ఏటేట నూటికి నాలుగైదు వంతులు మాత్రమే వెచ్చించుట వాడుక. నూటికి అయిదు లెక్కన, ఏటేట అయిదువందల రూపాయలు పంపువాడు పదివేల రూపాయల నిధితో సమానుడు. పదివేలు ఒక్కసారి ఈయలేనివాడును ఈ విధమున మహాదాతయే.

ఇక నా మాట. ఈ బల్లపై చదివి, పట్టణములలో న్యాయవాదులును ఉపాధ్యాయులును ఉద్యోగులును అయినవారు మనకు కలరు. వారు మనలను మఱచిరని ఇన్నేండ్లు నిందించుచు వచ్చితిని. నిన్న రాత్రి ఇరువదియైదేండ్ల జమాఖర్చు పుస్తకములు తిరగవేసితిని. వారికి ఒక్క జాబైనను వ్రాసినట్లు పద్దు కానరాలేదు. తపాలా ఖర్చు సున్న. మఱచినవారు వారు కారు, అడుగనివారము మనము. ఆ లెక్కలు వ్రాసినవాడను నేనే గనుక మొదటి తప్పు నాది.

రేపటినుండి ఆ జాబులు నేనే వ్రాసెదను. వార్షికనిధిలో తొలి పద్దుగా నా పేర అయిదువందల రూపాయలు కార్యదర్శిగారికి సమర్పించుచున్నాను. వచ్చు ఏడును ఇచ్చెదను. కౌత్సునివలె ఖాతా మూయక, మనము దీనిని తెఱచియే ఉంచుదము.

సెలవు.