దీపంలో నూనె – యునానీ వైద్యం దృష్టిలో పెద్దల సంరక్షణ
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను హకీమును కాను, డాక్టరును అంతకంటే కాను. ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునే పంతులును. మా ఇంట్లో తాతగారి నాటి తిబ్బీ పుస్తకాలు కొన్ని మిగిలి వున్నాయి. వాటిని చదివి, హకీముల దగ్గర కూర్చొని విన్నది నాలుగు మాటలు చెబుతాను. మన పిల్లల్లో చాలామందికి ఇప్పుడు ఉర్దూ చదవడం రాదు గనుక తెలుగులోనే మాట్లాడమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. మధ్య మధ్య ఉర్దూ ముక్కలు దొర్లితే మన్నించగలరు.

యునాన్ అంటే గ్రీసు దేశం. అక్కడ బుఖ్రాత్, జాలీనూస్ అనే మహావైద్యులు వేసిన పునాది మీద అరబ్బులు, ఇరానీయులు గోడలు లేపారు. మన దేశం వచ్చాక ఇక్కడి మూలికలు కూడా అందులో కలిశాయి. యునానీలో 'ఇత్రీఫల్' అనే మందుల వరుస వుంది. ఆ పేరు మన త్రిఫల నుంచి వచ్చినదే! కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ. ఇంతకంటే చుట్టరికం ఏం కావాలి? హైదరాబాదులో చార్మినారు ప్రక్కన నిజామియా యునానీ ఆసుపత్రి, కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హక్ యునానీ వైద్య కళాశాల మనకు తెలిసినవే.

ఈ శాస్త్రంలో పెద్ద గ్రంథం ఇబ్నె సీనాగారి 'అల్ ఖానూన్'. ఆయన క్రీ.శ. 980లో బుఖారా దగ్గర పుట్టి 1037లో హమదాన్‌లో కన్నుమూశారు. ఆ గ్రంథం మొదటి భాగంలోనే వృద్ధులను ఎలా చూసుకోవాలో ప్రత్యేకంగా వ్రాశారు. దానిని 'తద్బీరె మషాయిఖ్' అంటారు. లెక్క వేసి చూడండి, ఆయన బ్రతికినది 57 సంవత్సరాలే. తాను చేరుకోని వయసు వారి కోసం అంత శ్రద్ధగా వ్రాసి పోయారు.

మనిషి ఆయుష్షును హకీములు నాలుగు భాగాలు చేశారు. ఎదిగే వయసు సుమారు 30 వరకు. నిలకడగా వుండే యవ్వనం 35, 40 వరకు. అక్కడి నుంచి దాదాపు 60 వరకు కహూలత్, అంటే బలం కొద్దికొద్దిగా తగ్గే వయసు. ఆ తరువాత షైఖూఖత్, ముసలితనం. నేను ఇప్పుడు కహూలత్‌లో వున్నాను. ఈ సభలో సగం మంది నా తోటివారే. కాబట్టి ఇది మన దాదాలు, నానీల గురించి మాత్రమే అనుకోకండి, మన గురించి కూడా.

ముసలితనం ఎందుకు వస్తుంది? దీనికి వారు దీపం ఉపమానం చెబుతారు. దేహంలో పుట్టుకతో వచ్చిన వేడి ఒకటి వుంది, హరారతె గరీజియా. అది వత్తి మీది మంట. పుట్టుకతో వచ్చిన తేమ ఒకటి వుంది, రుతూబతె గరీజియా. అది నూనె. మంట వెలగాలంటే నూనె ఖర్చు కావాలి. అందుకే వృద్ధుల మిజాజు చల్లదనం, పొడితనం అన్నారు. దీనికి తోడు అరుగుదల తగ్గి, అక్కరలేని తేమ ఒకటి చేరుతుంది. అది నూనెలో పడ్డ నీరువంటిది, మంటను చిటపటలాడిస్తుంది. దగ్గు, కఫం అందులో నుంచే అంటారు.

ఈనాటి విజ్ఞానం ఈ మాటలను ఇలాగే ఒప్పుకోదు. జీవకణాలు, రక్తనాళాలు అని వేరే లెక్క చెబుతుంది. కాని నన్ను ఆకట్టుకున్నది ఒకటి వుంది. ఏ మందూ ఆ నూనెను తిరిగి నింపలేదని ఆ హకీములే ఒప్పుకున్నారు. వైద్యుడి పని నూనె త్వరగా ఆవిరి కాకుండా చూడడం, నీళ్లు పడకుండా చూడడం, గాలికి చేయి అడ్డం పెట్టడం, అంతే. ముసలివాణ్ణి పడుచువాణ్ణి చేస్తానని డబ్బాలు అమ్మేవారిని నమ్మకండి, వారు ఇబ్నె సీనా శిష్యులు కారు.

చేయి అడ్డం పెట్టడం ఎలా? యునానీలో 'అస్బాబె సిత్తా జరూరియా' అని ఆరు వున్నాయి. గాలి, తిండి నీరు, శరీర శ్రమ విశ్రాంతి, మనసు కదలిక నెమ్మది, నిద్ర మెలకువ, లోపల నిలవవలసినది నిలవడం పోవలసినది పోవడం. మందు కంటే ముందు ఇవి సరిచేయమన్నారు.

గాలి అంటే పెద్దల మంచం ఎక్కడ వేశాం అన్న ప్రశ్న. మన ఇండ్లలో పిల్లల చదువు గదికి కిటికీ, ముసలమ్మకు వంటింటి ప్రక్కన చీకటి మూల. వారిది చల్లని మిజాజు గనుక కాస్త ఎండ తగలాలి, పొగ తగలకూడదు.

తిండి విషయంలో ఇబ్నె సీనాగారి సూత్రం ఒక్కటే. కొంచెం కొంచెం, అరుగుదలను బట్టి రోజుకు రెండు మూడు సార్లు. బాగా పులుపు, కారం, ఉప్పులో ఊరినవి తగ్గించమన్నారు. ఆవకాయ దేశంలో ఈ మాట చెప్పడం కష్టమే! పాలు పడేవారికి పాలు మంచివన్నారు, అల్లం మురబ్బా మెచ్చుకున్నారు. విరేచనం కాకపోతే గట్టి మందులు కాకుండా అంజీర పండ్లు, ఆలివు నూనె వంటివి చెప్పారు. ఇక్కడ ఒక హెచ్చరిక. షుగరు వున్నవారికి మురబ్బాలు, ఖమీరాలు విషంతో సమానం కావచ్చు, అవి పాకంలో చేసినవి.

నీటి సంగతి విడిగా చెప్పాలి. వయసు మీరిన కొద్దీ దాహం తెలియడం తగ్గుతుంది. దానికి తోడు రాత్రి లేవవలసి వస్తుందని, ఎవరినైనా లేపవలసి వస్తుందని చాలామంది పెద్దలు సాయంత్రం నుంచి నీళ్లే మానేస్తారు. అడిగితే దాహం లేదంటారు. దాని ఫలం మలబద్ధకం, తలతిరుగుడు. రాత్రి దొడ్డికి పోయే దారిలో ఒక చిన్న దీపం, గోడకు పట్టుకునే కమ్మీ, జారని నేల వుంటే వారు భయం లేకుండా నీళ్లు తాగుతారు. తుంటి ఎముక విరిగిన తరువాత పెట్టే ఖర్చుతో పోలిస్తే ఇది ఎంత?

శ్రమ విషయంలో శక్తికి తగిన నడక, నూనెతో మెత్తని మర్దన మంచివన్నారు. గట్టిగా పిసకవద్దన్నారు. తలతిరుగుడు వున్నవారు తల వంచే వ్యాయామం చేయవద్దన్నారు. జాలీనూస్ తన కాలంలోని ఆంటియోకస్ అనే వైద్యుని గురించి వ్రాశారు. ఎనభై దాటినా ఆయన ఇంటి నుంచి ఊరి మధ్యకు రోజూ కాలినడకన పోయి రోగులను చూసేవాడట. "అబ్బా, మీరు కూర్చోండి, అన్నీ మేం చూసుకుంటాం" అని అన్ని పనులూ లాగేసుకోవడం కూడా సేవ కాదని ఇందులో తెలుస్తుంది.

ఇప్పుడు ఆరింటిలో మనసు సంగతి. ఇది నా ఇంటి ముచ్చట, చెప్పడానికి సిగ్గుగా వున్నా చెబుతాను.

మా అబ్బాగారు చివరి సంవత్సరాల్లో రాత్రి భోజనం మానేశారు. "ఆకలి లేదు బేటా" అనేవారు. నేను మొదట బ్రతిమిలాడాను. తరువాత, నిజం చెప్పాలి, విసుక్కున్నాను. బడిలో పిల్లల మీద అరిచే గొంతుతోనే ఇంట్లో అరిచాను. బలానికని ఖరీదైన మాజూన్ తెచ్చాను. అది అల్మారాలోనే వుండిపోయింది. చివరకు ఒక ముసలి హకీం సాబ్ దగ్గరకు తీసుకుపోయాను. ఆయన నబ్జ్ చూశారు, నాలుక చూశారు, నోరు పూర్తిగా తెరవమని దీపం పెట్టి చూశారు. తరువాత అబ్బాను అడగలేదు, నన్ను అడిగారు: "రాత్రి వీరు ఎవరితో కూర్చొని తింటారు?"

దస్తర్‌ఖాన్ మీద అందరం కలిసే తింటామని గొప్పగా చెప్పాను. "అదే చిక్కు" అన్నారు హకీం సాబ్. కట్టుడు పళ్లు చిగురుకు ఒరుసుకొని పుండు పడింది. నమలడానికి ఆలస్యం అవుతుంది, ముక్క పంటి కింద నుంచి జారి బయటికి వస్తుంది. ఒకసారి మనవలు చూసి నవ్వారట. చిన్నపిల్లలు, తెలియక నవ్వారు. ఆ రోజు నుంచి ఆయనకు రాత్రి ఆకలి పోయింది. పగలు మేమంతా బయట వుంటాం గనుక ఒక్కరే కూర్చొని నెమ్మదిగా తినేవారు. ఈ సంగతి ఆయన తన కొడుకుకు చెప్పలేదు. కొడుకు అడిగితే గదా చెప్పడానికి? నేను "ఎందుకు తినరు" అని అరిచానే గాని, ఏమైందని అడగలేదు.

పళ్ల డాక్టరు కట్టుడు పళ్లు సరిచేశాడు. మా ఆవిడ గోష్త్ మెత్తగా ఉడికించి పెట్టేది. నేను నా పళ్లెం కూడా నెమ్మదిగానే తినడం మొదలుపెట్టాను, ఆయన చివర మిగిలిపోకుండా. రాత్రి ఆకలి తిరిగి వచ్చింది. నాకు మాత్రం ఆ అరిచిన అరుపులు ఇప్పటికీ చెవిలో వున్నాయి. ఖురాన్ షరీఫ్‌లో, బనీ ఇస్రాయీల్ సూరాలో, ముసలి తల్లిదండ్రుల ముందు విసుగుతో 'ఉఫ్' అనడం కూడా తగదని అల్లా ఆదేశం. ఆ సూరా నాకు చిన్నప్పటి నుంచీ కంఠస్థమే. కంఠంలో వుండడం వేరు, నడతలో వుండడం వేరు.

ఇక మందుల గురించి జాగ్రత్తలు కొన్ని. బి.పి., షుగరు, గుండె మాత్రలు వాడుతున్నవారు యునానీ మొదలుపెట్టామని వాటిని తమంతట తాము ఆపకూడదు. రెండు మందులూ ఇద్దరు వైద్యులకూ చూపించండి. లోహాలను కాల్చి చేసే కుష్తాలు తెలియనివారి చేతి నుంచి తీసుకోకండి, మూత్రపిండాలకు ప్రమాదం. కీళ్ల నొప్పులకు వాడే సూరంజాన్‌లో తీపి రకం, చేదు రకం అని రెండు వున్నాయి. చేదుది విషం, సొంతంగా కొని నూరుకోవద్దు. ఈమధ్య ఊరూరా హిజామా శిబిరాలు పెడుతున్నారు. అరవై దాటినవారికి హిజామా వద్దని ఇబ్నె సీనాగారే వ్రాశారు. రక్తం పలచబడే మాత్రలు వాడేవారికి అయితే మరీ ప్రమాదం.

రంజాను సంగతి కూడా. ఉపవాసం వుండలేని వృద్ధులకు షరీయత్ మినహాయింపు ఇచ్చింది. రోజుకు ఒక పేదకు భోజనం, అదే ఫిద్యా. నిలబడలేనివారికి కూర్చొని నమాజు. ఇది అల్లా ఇచ్చిన సౌకర్యం. దానిని తీసుకోవడానికి మన పెద్దలు సిగ్గుపడకుండా చూడడం మన పని.

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో అరవై నిండినవారు 10 కోట్ల పైచిలుకు. 2007లో తల్లిదండ్రుల పోషణ చట్టం వచ్చింది. కొడుకు మీద తండ్రి అర్జీ పెట్టుకునే రోజు వచ్చిందంటే తప్పు చట్టానిది కాదు. గల్ఫుకు పోయిన కొడుకులు డబ్బు పంపుతున్నారు, కాదనను. డబ్బు మందు కొంటుంది. నోరు తెరిపించి పుండు చూడడానికి మాత్రం దగ్గర ఒక మనిషి వుండాలి.

అందుకని సొసైటీకి మూడు మనవులు. ఒకటి, మన మొహల్లాలలో ఒంటరిగా వున్న పెద్దల జాబితా వ్రాసి, వారానికొకసారి ఒక యువకుడు ఒక గంట పోయి కూర్చోవాలి. రెండు, ఆసుపత్రికి తోడు పోయేవారి పేర్లు మసీదు పలక మీద వ్రాయాలి. మూడు, మసీదు వుజూ దగ్గర పట్టుకునే కమ్మీ, కూర్చునే బల్ల వేయించాలి. మొదటి గంటకు నా పేరే వ్రాసుకోండి, ఆదివారం అస్ర్ తరువాత.

ఈ రాత్రి ఇంటికి పోయాక మీ పెద్దవారి ప్రక్కన కూర్చొని, తొందర లేకుండా భోజనం చేయండి. ఇన్షా అల్లా, మందుల షాపులో దొరకని మందు అది.

అస్సలాము అలైకుం. ఖుదా హాఫిజ్.