బంకు ఎత్తివేసిన చోట నేలను, నీటిని బాగుచేయుట



రోడ్డు వార చేనును పెట్రోలు బంకుకు కౌలుకిచ్చినవారు మనలో కొందరున్నారు. గడువు తీరాక బంకు ఎత్తివేస్తారు. పంపులు పీకుతారు, పైకప్పు విప్పుతారు. నేల ఖాళీ అయినట్లే కనబడుతుంది. మరి భూమిలో పాతిన ట్యాంకు సంగతేమిటి? ఈవేళ ఆ మాట చెప్పుకుందాం.

పాత ఇనుప ట్యాంకుకు నేల తేమ తగిలి తుప్పు పట్టి చిల్లులు పడతాయి. గొట్టాల అతుకులు వదులవుతాయి. చుక్కచుక్కగా కారినా, ఏళ్ల తరబడి కారితే అది తక్కువేమీ కాదు. కారిన పెట్రోలు కొంత మట్టినే పట్టుకుని ఉంటుంది. తక్కినది నీటిమట్టం దాకా దిగి, నీటికన్న తేలిక గనుక పైన తెట్టులా తేలుతుంది. అందులోని బెంజీను వంటి పదార్థాలు నీటిలో కరిగి, భూగర్భ జలం సాగే దిక్కుకే సాగిపోతాయి. ఇసుక నేలలో త్వరగా పోతాయి, బంకమట్టిలో నెమ్మదిగా పోతాయి. దగ్గరలో మీ బోరు ఎడతెరిపి లేకుండా ఆడుతూ ఉంటే, ఆ చెడునీటిని మీరే మీ వైపు లాక్కున్నట్లు.

బెంజీను రక్తపు కేన్సరుకు కారణమవుతుంది. తాగునీటిలో అది లీటరుకు 0.01 మిల్లీగ్రాముకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. అంత కొద్ది పాలు ముక్కుకు తెలియదు. కనుక వాసన లేదు గదా అని ధైర్యపడరాదు. వాసన వస్తే మాత్రం ఆ క్షణమే తాగడం, వంటకు వాడడం మానాలి. కాచి తాగుదామనుకుంటే ఆ ఆవిరి వంటింట్లో నిండుతుంది. పటిక, బ్లీచింగు పౌడరు దీనిమీద పనిచేయవు. అలాంటి బావిలోకి దీపం దించరాదు, మనిషి దిగరాదు. పెట్రోలు ఆవిరి గాలికన్న బరువు. అడుగునే నిలిచి ఉంటుంది.

ఇక బాగుచేసే పద్ధతి. మొదట కారే మూలాన్ని ఆపాలి. ట్యాంకును ఖాళీచేసి, లోపలి ఆవిరి పోగొట్టి, తవ్వి తీయాలి. ఇది అనుమతి, అనుభవం ఉన్నవారి పని. మన గడ్డపారల పని కాదు. తరువాత నీటిపై తెట్టును తోడివేస్తారు. బాగా తడిసిన మట్టిని తవ్వి తీస్తారు. లోతున మిగిలినదానికి గొట్టాలు దించి, ఆవిరిని పీల్చి, బొగ్గు వడపోత గుండా పంపుతారు.

ఆపైన మిగిలినదాన్ని తినేవి నేలలోని సూక్ష్మజీవులే. పెంటకుప్ప చివకడానికి ఏమేమి కావాలో వాటికీ అవే కావాలి: గాలి, తేమ, నత్రజని, భాస్వరం. అందుకే నేలలోకి గాలి ఊదుతారు. తవ్విన మట్టిని, కిందికి ఊట దిగని పరుపు మీద పలచగా పోసి, ఎరువు చల్లి, తడుపుతూ తిరగవేస్తారు. మట్టికి నెలలు పడితే, నీటికి ఏళ్లు పట్టవచ్చు. సీసాన్ని మాత్రం ఏ సూక్ష్మజీవీ తినలేదు. మన దేశంలో 2000 సంవత్సరం దాకా సీసం కలిసిన పెట్రోలు అమ్మారు. అంతకు పూర్వపు బంకు అయితే సీసానికీ పరీక్ష చేయించాలి.

అమెరికాలో శాంటా మోనికా అనే పట్టణం ఉంది. దాని బావుల్లో పెట్రోలులో కలిపే ఎం.టి.బి.ఇ. అనే పదార్థం కనబడగా, 1996లో వాటిని మూసివేశారు. ఊరి నీటిలో దాదాపు సగం పోయింది. శుద్ధి కేంద్రం కట్టి ఆ నీటిని మళ్లీ వాడుకునేసరికి సుమారు 15 ఏళ్లు పట్టింది. ధనికదేశపు పట్టణానికే అంత కష్టమైతే, ఒక్క బోరు మీద బతికే కుటుంబం మాటేమిటి?

కావున కౌలు పత్రం రాసేనాడే మూడు మాటలు రాయించండి. ట్యాంకు తీసి పోవాలి. మట్టి, నీరు పరీక్షించి కాగితం చేతికివ్వాలి. చెడితే బాగుచేసే ఖర్చు వారిదే. బంకు కట్టకముందే ఒక పరీక్ష చేయించి ఆ కాగితం దాచుకుంటే, రేపు వాదన ఉండదు. మన భూసార పరీక్షలో పెట్రోలు సంగతి తేలదు. దీనికి గుర్తింపు పొందిన ప్రయోగశాల కావాలి. నీటిని గాజుసీసాలో, గాలిబుడగ లేకుండా అంచుదాకా నింపి, చల్లగా ఉంచి పంపాలి.

గ్రామాల్లో పనిచేసే నా తోటి ఉద్యోగులకొక మనవి. మూసిన బంకు ఉన్న ఊళ్లో చుట్టుపక్కల బావులు, బోర్లు ఎన్నో, ఎవరెవరు తాగుతున్నారో రాసుకోండి. అనుమానముంటే పంచాయతీకి, కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా తెలపండి. ఫలితం వచ్చేదాకా ఆ ఇళ్లకు వేరే నీరు అందేలా చూడండి.

చేను తిరిగి చేతికి వచ్చిందంటే పైమట్టి ఒక్కటే కాదు, కింది నీరు కూడా తిరిగి రావాలి. అప్పుడే అది మన చేను.