నకలు, నకిలీ: చేతి గడియారముల ముచ్చట



మన వాడుకలో నకలు అను మాట ఉన్నది, నకిలీ అను మాట ఉన్నది. రెండును ఒక మూలమునుండి పుట్టినవే. అయినను దస్తావేజుకు నకలు కావలెనన్న రిజిస్ట్రారు కచేరీలో ముద్ర వేసి ఇచ్చెదరు. నకిలీ దస్తావేజు పట్టుబడినచో కేసు పెట్టెదరు. ఈ రెంటి నడుమ ఉన్న గీత ఎక్కడ పడుచున్నదో తెలిసికొనుటకు ఉపకరించు వస్తువొకటి నేడు లోకమున విరివిగా దొరకుచున్నది. అది లక్షల ఖరీదుగల చేతి గడియారమునకు కొద్ది వేలలో దొరకు అనుకృతి.

ఇట్టి అనుకృతులను ప్రోగుచేయుట, విప్పి బాగుచేయుట, వాని గుణదోషములను పరీక్షించి తోడివారికి తెలుపుట, ఈ మూడింటిని కలిపి ఒక వ్యాసంగముగా పెట్టుకొన్నవారు పలు దేశములలో ఉన్నారు. అసలు వస్తువును కొనలేనివాడు దాని పోలికగల వస్తువును కొనుట అర్థమగుచున్నది. కాని అది అసలు కాదని ఎరిగియు కంటికి భూతద్దము బిగించి గంటలకొలది దానితో కాలము గడపుట దేనికని మీరు అడుగవచ్చును. ఆ ప్రశ్నకు జవాబు చెప్పుటకు ముందు కొంత చరిత్ర చూడవలసి ఉన్నది.

గడియారముల అనుకరణ నిన్న మొన్న పుట్టినది కాదు. 18వ శతాబ్దమున లండను గడియారములకు ఐరోపా అంతటను గొప్ప పేరుండెను. ఆ పేరును ఆశించి, ఐరోపా ఖండమున చేసిన గడియారములపై లండను పనివారి పేర్లను, ఒక్కొక్కప్పుడు ఎవరికిని లేని పేర్లను చెక్కి అమ్మిరి. వానికి 'డచ్చి నకిలీలు' అను పేరు నేటికిని నిలిచి ఉన్నది. పారిసు నగరమున అబ్రహాం లూయీ బ్రెగే అను మహాశిల్పి ఈ బెడదకు విరుగుడుగా 1795 ప్రాంతమున తన డయళ్ళపై కంటికి సులభముగా ఆనని రహస్య సంతకమును చెక్కించసాగెను. వెలుతురు ఏటవాలుగా పడినప్పుడే ఆ అక్షరములు పొడగట్టును. 19వ శతాబ్ది ఉత్తరార్ధమున అమెరికాలో యంత్రములపై తయారైన గడియారములు ప్రసిద్ధి పొందగా, వాని రూపములను, వాని పేర్లకు దగ్గరగా ఉండు పేర్లను పెట్టి అచ్చటికి పంపినవారిలో స్విట్జర్లాండు వారును ఉండిరి. నేడు నకిలీలపై గట్టిగా పోరాడుచున్నదియు ఆ దేశపు పరిశ్రమయే. కాలచక్రమనగా ఇదియే కాబోలు!

ఒక పేరునకు ఇంత విలువ ఎట్లు వచ్చును? ఒక్క దృష్టాంతము చెప్పెదను. రోలెక్సు అను పేరును హాన్స్ విల్స్‌డార్ఫ్ 1908లో నమోదు చేయించెను. 1926లో నీరు చొరని కేసుతో 'ఆయిస్టరు' గడియారమును వెలువరించెను. మరుసటి సంవత్సరము అక్టోబరులో మెర్సిడీస్ గ్లైట్జ్ అను ఆంగ్ల యువతి ఇంగ్లీషు ఛానెలును ఈది దాటినది. కొద్ది దినములకే మరియొక స్త్రీ తానును దాటితినని ప్రకటించి, పిమ్మట అది అబద్ధమని ఒప్పుకొన్నది. దానితో లోకులు గ్లైట్జ్ మాటను సైతము శంకింపగా, ఆమె మరల ఆ చలినీటిలో దిగెను. ఈసారి దరిచేరలేకపోయినను పది గంటలకు పైగా ఈదినది. ఆమె మెడకు తగిలించుకొన్న ఆయిస్టరు గడియారము ఆగలేదు. విల్స్‌డార్ఫ్ ఆ సంగతిని ఒక లండను దినపత్రిక మొదటి పుటనిండ ప్రకటించెను. ప్రకటనలో వ్యాపార చాతుర్యము లేదని అనను. అయినను ఆ పేరు వెనుక ఒక పరీక్ష ఉన్నది. డయలుపై పేరు వ్రాయుట అనగా, ఇది చెడిపోయినచో బాధ్యుడను నేనని చెప్పుట. నకిలీ చేయువాడు అక్షరములను దొంగిలించును. బాధ్యతను మాత్రము తీసికొనడు.

ఇక గడియారము వెనుక మూతను తెరచి చూతము. అచ్చటనే ఈ వ్యాసంగపు ఆకర్షణ అంతయు ఉన్నది. స్విట్జర్లాండులోని ఈటా సంస్థ చేయు 2824-2 అను యంత్రమును పేరుగల సంస్థలు పెక్కు తమ గడియారములలో వాడుకొన్నవి. దానిలో 25 కెంపు రాళ్ళుండును. బాలెన్సు చక్రము గంటకు 28,800 మారులు, అనగా సెకనుకు ఎనిమిది మారులు కొట్టుకొనును. దానికి పోలికగా చైనాలో టియాన్‌జిన్ నగరమందలి సీగల్ సంస్థ ఎస్‌టి 2130 అను యంత్రమును తన పేరుతోనే చేసినది. జపాను మియోటా 8215 యంత్రము గంటకు 21,600 మారులు, సెకనుకు ఆరు మారులు కొట్టుకొనును. నకిలీ గడియారములలో తరచుగా దొరకునవి ఇట్టి యంత్రములే. కాబట్టి పైన డయలు అబద్ధమాడుచుండగా లోపల యంత్రము తన పని తాను నిజాయితీతో చేసికొనుచుండును. విప్పినవానికి ఇది మొదట దొరకు పాఠము.

రెండవ పాఠము దీనికి భిన్నమైనది. రోలెక్సు డేటోనా గడియారమున చిన్న సెకనుల ముల్లు 6 అంకె వద్ద ఉండును. నకిలీలలో వాడుచు వచ్చిన 7750 రకపు యంత్రమున అది 9 అంకె వద్ద ఉండును. రూపము తప్పరాదని కొందరు అదనపు చక్రములు కొన్ని ఇరికించి ఆ ముల్లును 9 నుండి 6కు మరలించిరి. ఆ చక్రముల బరువును యంత్రము మోయవలసి వచ్చుటచే అట్టి గడియారములు ఆగిపోవుట, అరిగిపోవుట తరచైనది. ముఖమునకై గుండెను వంచిన ఫలితమిది.

బాగుచేయుట అనగా ఏమి? ఇట్టి గడియారములు కొన్నింట నూనె ఉండవలసిన చోట ఉండదు, కొన్నింట ఉండరాని చోట పొర్లుచుండును. మరికొన్నింట లోహపు పొడి తగులుకొని ఉండును. యంత్రమును పూర్తిగా విప్పి, కడిగి, ఆరబెట్టి, ఒక్కొక్క రాతికి సూదిమొనంత నూనె అంటించి మరల కూర్చవలెను. పిమ్మట టిక్కు టిక్కు అను చప్పుడును విని లెక్కకట్టు పరికరముపై పెట్టవలెను. పూర్తిగా కీ ఇచ్చినప్పుడు బాలెన్సు చక్రము ఒక్కొక్క ఊపునకు 270 మొదలు 310 డిగ్రీల వరకు తిరిగినచో దాని ఆరోగ్యము బాగున్నదనుకొనవచ్చును. స్విట్జర్లాండులో గడియారముల కాలపాలనకు యోగ్యతాపత్రమిచ్చు సంస్థ ఒక్కొక్క యంత్రమును 15 దినములు, ఐదు భంగిమలలో, మూడు ఉష్ణోగ్రతలలో పరీక్షించును. దినమునకు సగటున 4 సెకనులు వెనుకబడుట మొదలు 6 సెకనులు ముందుకు పోవుట వరకే అనుమతి. దినమునకు 86,400 సెకనులు కదా! అందు ఆరనగా పదునాలుగువేల నాలుగువందలలో ఒక వంతు. తక్కువ ఖరీదు యంత్రమును ఈ మేరకు దగ్గరగా తెచ్చినవాడు పొందు సంతోషము నకిలీ సంతోషము కాదు. ఆ నేర్పు అతని వ్రేళ్ళలో నిలుచును.

పరీక్షించి వ్రాయువారి విషయము వేరు. వారి కలమున మేలును ఉన్నది, కీడును ఉన్నది. 'దినమునకు ఇన్ని సెకనులు తప్పినది, నూనె లేదు, నీటి పరీక్షలో మూత నిలువలేదు' అని వ్రాసినచో అది విద్య. డయలుపై '300 మీటర్లు' అని ఉన్నంతమాత్రమున దానితో చెరువులో దిగరాదు; ఆ అక్షరములును నకలుచేసినవే కదా. అట్లుగాక, 'అసలుదానికిని దీనికిని భేదమును దుకాణదారుడు సైతము కనిపెట్టలేడు' అని మెచ్చుకొనినచో, ఆ మెచ్చుకోలు ఎవరికి ఉపయోగపడుచున్నది? మోసగించువానికి, మోసము ఎంతవరకు సాగునో చెప్పినట్లగుచున్నది.

మచిలీపట్టణము చెంత చిలకలపూడిలో గిల్టు నగలు చేయుదురు. ఆ పనితనము పేరుపొందినది. ఆ నగను పెట్టుకొని పెండ్లికి వెళ్ళిన ఇల్లాలు ఎవరికిని ద్రోహము చేయలేదు. ఎందుకనగా అది చిలకలపూడి నగయని ఊరివారికిని తెలియును, అమ్మినవాడును చెప్పును. దానినే మేలిమి బంగారమని చెప్పి తాకట్టు పెట్టినచో ఆ క్షణమున నగ మారలేదు, మాట మారినది. అట్లే, ఒక ప్రసిద్ధ గడియారపు పోలికతో చేసినను తన సొంత పేరు ధరించునది నకలు. పరుల పేరు ధరించునది నకిలీ.

అనుమతి పొందిన నకలు ఎంత గౌరవము పొందగలదో మన దేశమే చూచినది. 1961లో హెచ్.ఎం.టి. వారు జపాను సిటిజన్ సంస్థ సహకారముతో బెంగుళూరున చేతి గడియారములను చేయ మొదలుపెట్టిరి. విద్య జపానుది, అనుమతితో పొందినది. పేరు మాత్రము మనది. కీ ఇచ్చి నడపు 'జనతా' గడియారము ఎందరో ఉపాధ్యాయుల, గుమాస్తాల మణికట్టులపై జీవితకాలము నడచినది. హెచ్.ఎం.టి. వాచెస్ సంస్థను మూసివేయుటకు 2016లో కేంద్ర ప్రభుత్వము నిశ్చయించెను. పాతవానికి గిరాకి పెరిగినది. దానితో మూడు గడియారముల భాగములను ఒక కేసులో కూర్చి, డయలుకు సంస్థ ఎన్నడును వేయని రంగులు పూసి, పాత సరుకని అమ్ముట బయలుదేరినది. తండ్రి ధరించినట్టి గడియారమే కావలెనని వెదకుకొనువాడు ఇందు మోసపోవుచున్నాడు. నకిలీ వలన నష్టపోవునది కోటీశ్వరులైన కంపెనీలే కదా అనువారు ఈ సంగతిని గమనింపవలెను.

చట్టము మాట కూడ చెప్పవలెను. మన 1999 నాటి వాణిజ్య చిహ్నముల చట్టము ననుసరించి పరుల చిహ్నమును అక్రమముగా వేయుటయు, అట్టి సరుకు నమ్ముటయు నేరములే. ఇటలీ వంటి దేశములలో కొన్నవానికిని జరిమానా కలదు.

కావున ఈ వ్యాసంగమునందు ఇచ్ఛగలవారికి నా మనవి ఇది. నేర్చుకొనుటకు సొంత పేరుగల యంత్రములు తక్కువ ఖరీదునకే దొరకుచున్నవి, వానితో ఆరంభింపుడు. అన్యుల పేరుగల నకిలీ ఇదివరకే మీ చేతికి వచ్చి ఉన్నచో దానిని విప్పి పాఠము నేర్వుడు, కాని అమ్మకుడు, కానుకగా ఈయకుడు. అది నకిలీ అని మీకు తెలియును. మీ కుమారునకు తెలియకపోవచ్చును. గడియారము మనకంటె ఎక్కువ కాలము బ్రతుకును. మనతోపాటు మన ఎరుక పోవును, దొంగపేరు మాత్రము డయలుపై నిలుచును. ఏనాడో అవసరము వచ్చి ఇంటివారు దానిని దుకాణమునకు కొనిపోయిననాడు వారికి కలుగు అవమానమునకు బాధ్యులెవరు?

గడియారము బాగుచేయువారిలో ఒక పాత ఆచారము కలదు. పని ముగిసిన పిమ్మట వెనుక మూత లోపలివైపున సన్నని సూదితో తేదీని, తమ గురుతును గీయుదురు. తరువాత తెరచువానికి అది నిజము చెప్పును. మీరును అట్లే ఆ మూత లోపల 'ఇది అనుకృతి' అని రెండు మాటలు గీసి మూత బిగింపుడు. గీయుటకు ఒక నిమిషము పట్టును.