రొయ్యల సంతానము



పొట్టక్రింద గుడ్లు మోయుచున్న రొయ్య వలలో పడినపుడు, దీనిని విడిచినచో చెరువంతయు రొయ్యలతో నిండునని తలచుట సహజము. కాని రొయ్యలన్నిటి సంతానక్రమము ఒక్క తీరున లేదు. జాతిని బట్టియు, తల్లి ప్రాయమును బట్టియు, నీటి గుణమును బట్టియు అది మారుచుండును.

సముద్రపు టైగర్ రొయ్య గుడ్లను మోయదు. లోతునీటిలో లక్షల కొలది గుడ్లను విడిచి తన దారిని తాను పోవును. పిల్లలు పలు రూపములు మార్చి, కొన్ని వారములకు నదీముఖములలోని మడ అడవుల చెంతకు చేరును. కాకినాడ చేరువనున్న కోరింగ మడలు వాని కట్టి ఆశ్రయములు. అచట పెరిగి, ఈడు వచ్చిన పిమ్మట మరల కడలికే పోవును.

నదులలోని నీలకంఠ రొయ్య మార్గము దీనికి విపరీతము. అది మంచినీటిలో పెరిగి, సంతానమునకై నదీముఖమునకు దిగును. తల్లి గుడ్లను పొట్టక్రింది కాళ్ల నడుమ సుమారు 20 దినములు మోయును. నారింజవన్నె గుడ్లు బూడిదవన్నెకు తిరిగిన పిదప పిల్లలు వెలువడును. తొలి కాన్పులలో 5,000 మొదలు 20,000 గుడ్లు పెట్టునది, నిండు ప్రాయమున 80,000 మొదలు 1,00,000 వరకు పెట్టును. అయినను ఆ పిల్లలు మంచినీట కొలది దినములలోనే నశించును. వానికి ఉప్పు కలసిన నీరు కావలయునని 1961లో పినాంగులో షావో-వెన్ లింగ్ అను శాస్త్రజ్ఞుడు కనుగొనెను. నేటి రొయ్యపిల్లల ఉత్పత్తి కేంద్రములకు ఆ జ్ఞానమే పునాది.

ఇది మన సీమకు దూరపు ముచ్చట కాదు. భూపాలపల్లి జిల్లాలో కాళేశ్వరము నొరసి పారు గోదావరియే ధవళేశ్వరము దాటి సముద్రమున కలియుచున్నది. 1852లో పూర్తియైన ధవళేశ్వరపు ఆనకట్టయు, 2019లో ప్రారంభమైన మేడిగడ్డ బరాజును పంటలకు నీరు నిలుపుటకు కట్టబడినవి. కాని ఏటి కెదురీదు రొయ్యపిల్లకు అట్టి కట్టలు అడ్డుగోడలే. ఇక గణపసముద్రమందు గాని, బయ్యారం చెరువునందు గాని, జనగామ సీమ కుంటలయందు గాని నీలకంఠ రొయ్యను విడిచినచో అది పెరుగును, ధర పలుకును. సంతతి మాత్రము నిలువదు. లక్ష గుడ్లు పెట్టినను చెరువు లెక్కలో జమ శూన్యమే. మత్స్యకార సంఘములు ఏటేట పిల్లలను తెచ్చి విడువవలసినదే.

అయితే మంచినీటిలోనే జన్మచక్రము ముగించు చిన్న రొయ్యజాతులును గలవు. వాని గుడ్లు కొద్ది, పరిమాణమున పెద్దవి. పిల్లలు ఎదిగిన రూపముతోనే వెలువడును, ఉప్పునీటి నాశింపవు. సంతలో కుప్పగా పోసి అమ్ము ఆ చిన్న రొయ్యయే, ఎవరును విత్తు చల్లకయే చెరువున తరతరములు నిలువగలది. గుడ్లు కొద్దియైన ప్రాణిని దోమతెరవంటి సన్నవలతో ఊడ్చినచో ఆ లోటు త్వరగా తీరదు. కావున గుడ్లతో పడిన చిన్న రొయ్యలను తిరిగి నీట విడుచుటయు, సన్నవలలను మానుటయు సంఘముల వారు కట్టుబాటుగా నేర్పరచుకొనవలెను. పెద్ద రొయ్యకు పిల్లలను కొనవచ్చును; చిన్న రొయ్యను ఈ చెరువే కనవలయును.