ఓబులేసు అత్తారిల్లు: తన పెళ్లికి తనే పిలవడానికొచ్చే దేవుడు

ఈ రోజుల్లో మన ఇళ్లలో పెళ్లంటే శుభలేఖ పీడీఎఫ్ చేసి వాట్సాప్ గ్రూపులో పడేస్తున్నాం. ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలవలేదని పెద్దమ్మలు అలుగుతున్నారు, అది వేరే విషయం. ఇవాళ్టి ఎపిసోడ్ తన పెళ్లికి తనే పల్లకి ఎక్కి, నలభై రోజులకు పైగా ఊరూరా తిరిగి పిలిచొచ్చే దేవుడి గురించి.

ఆయన అహోబిలం నరసింహస్వామి. నంద్యాల జిల్లా, ఆళ్లగడ్డ దగ్గర, నల్లమల అడవిలో ఉంటాడు. సీమలో ఆయన్ని ఓబులేసు అంటారు. మీ క్లాసులో ఓబుల్ రెడ్డో, ఓబులమ్మో ఉంటే ఆ పేరు మూలం ఇక్కడే.

కథ మీకు సగం తెలుసు. స్తంభం పగిలింది, హిరణ్యకశిపుణ్ణి చంపాడు, ప్రహ్లాదుణ్ణి కాపాడాడు. మనం అక్కడితో ఆపేస్తాం. నల్లమలలో మాత్రం అసలు కథ ఆ తర్వాతే మొదలవుతుంది. కోపం చల్లారక అడవిలో తిరుగుతున్న స్వామికి ఒక చెంచు పిల్ల కనబడింది. అంతే, సింహం చల్లబడింది. పెళ్లి చేసుకుంటానన్నాడు.

మరి పిల్ల తండ్రి ఏమన్నాడు? దేవుడు అడిగాడు కదా అని కాళ్లు కడిగి కన్యాదానం చెయ్యలేదు. మా పిల్లని పోషించగలవా అన్నాడు. దుంపలు తవ్వడం వచ్చా? తేనె తియ్యడం వచ్చా? వేట వచ్చా? అన్నీ చేసి చూపించాకే ఒప్పుకున్నారు. మన మ్యాట్రిమొనీ సైట్లలో ప్యాకేజీ ఎంత అని అడిగినట్టే. కాకపోతే ఇక్కడ పే స్లిప్ చూపిస్తే సరిపోదు, కొండ అంచున వేలాడి తేనెపట్టు కొయ్యాలి. 1958లో అక్కినేని, అంజలీదేవి నటించిన ‘చెంచులక్ష్మి’ సినిమాలో వరుడికి ఇలా పరీక్ష పెట్టే పాట కూడా ఉంది. మీ అమ్మమ్మని అడగండి, వెంటనే పాడేస్తుంది.

నాకు ఒక చోట తకరారు ఉంది. ఈ కథ పురాణం పద్ధతిలో చెప్పేటప్పుడు చివర్లో ఒక మాట కలుస్తుంది. ఆ పిల్ల మామూలు చెంచు పిల్ల కాదు, సాక్షాత్తు లక్ష్మీదేవే అలా పుట్టింది అని. వినడానికి గౌరవంగానే ఉంది. కానీ ఆలోచించండి. ఆవిడ ముందే లక్ష్మి అయితే, దేవుడు చెంచుల ఇంటి పిల్లని చేసుకున్నట్టా, తన భార్యనే మళ్లీ చేసుకున్నట్టా? ఆ ఒక్క మాటతో చెంచు తల్లిదండ్రులు పెంచిన వాళ్లుగా మిగిలిపోతారు. చెంచులు అలా అనుకోరు. వాళ్లకి ఆవిడ వాళ్ల ఆడబిడ్డ, ఆయన అల్లుడు. వరస కలిపి బావ అని పిలిచేవాళ్లూ ఉన్నారు.

ఏ వెర్షన్ కరెక్ట్ అని నన్ను అడగొద్దు. పారువేట చూడండి చాలు. సంక్రాంతి అయ్యాక కనుమ నాడు స్వామి పల్లకి అహోబిలం నుంచి బయల్దేరుతుంది. ఒకే పల్లకిలో జ్వాలా నరసింహుడు, ప్రహ్లాద వరదుడు, ఇద్దరి ఉత్సవమూర్తులు. ముందు చెంచులు విల్లంబులతో వచ్చి పల్లకి వైపు బాణాలు వదులుతారు. అల్లుడికి అత్తారింటి మర్యాద అన్నమాట. అక్కణ్ణించి చుట్టుపక్కల ముప్పైకి పైగా ఊళ్లు. ప్రతి ఊళ్లో పల్లకి దిగుతుంది, ఆ రోజు ఆ ఊరికి పండగే. పల్లకి మోసే హక్కు తరతరాలుగా కొన్ని కుటుంబాలది. స్వామి వేటకి వస్తున్నాడనీ అంటారు, ఫాల్గుణంలో జరిగే తన కల్యాణానికి పిలవడానికొస్తున్నాడనీ అంటారు. మామూలుగా జనం గుడికి పోతారు. ఇక్కడ గుడే జనం దగ్గరికొస్తుంది. పెళ్లికూతురు అసలు వైకుంఠం మనిషే అయితే ఈ ఊళ్లన్నీ తిరిగి పిలవాల్సిన చుట్టరికం ఏముంది చెప్పండి?

చుట్టరికం అంటే చెంచుల్లో ఉత్త పిలుపు కాదు. తేనె కోసం కొండ అంచు నుంచి తాడు కట్టుకుని దిగినప్పుడు పైన తాడు పట్టుకునేది బావమరిది అని చెబుతారు. సొంత అన్నదమ్ముల కంటే ఆయన్నే ఎందుకు నమ్ముతారంటే, తాడు వదిలితే విధవ అయ్యేది తన అక్కో చెల్లెలో. ఇది తెలిశాక తేనె పరీక్ష నాకు వేరేలా కనబడింది. దేవుడు కొండ దిగుతున్నాడు, పైన తాడు ఒక చెంచు కుర్రాడి చేతిలో ఉంది. ఇది కథలో లేదు, నా ఊహే. కానీ బావ అనే మాట బరువు ఎంతో అప్పుడు తెలిసింది.

ఇప్పటి సంగతి కూడా చెప్పాలి. చెంచులు ఈ రోజు ప్రభుత్వం లెక్కలో పీవీటీజీ, అంటే గిరిజనుల్లోనే బాగా వెనకబడి, ప్రత్యేక రక్షణ అవసరమైన సమూహం. నల్లమలలో పెద్ద భాగం 1983 నుంచి టైగర్ రిజర్వ్. ఏ అడవిలో దుంపలు తవ్వి చూపించమని అల్లుణ్ణి అడిగారో, ఆ అడవిలో ఉండటానికి, తిరగటానికి ఇప్పుడు వీళ్లకే రూల్స్ ఉన్నాయి. అహోబిలం వెళ్లినప్పుడు నవ నరసింహుల్ని లెక్కపెట్టుకుంటూ జీపులో పరిగెత్తుతాం కదా, ఈసారి పావన నరసింహుడి దగ్గర కాసేపు ఆగండి. చెంచులక్ష్మి కథతో బాగా ముడిపడిన చోటు అదే.

ఓబులేసు ఒక్కడే కాదు. శ్రీశైలం మల్లన్నని చెంచు మల్లయ్య అంటారు, ఆయనా వాళ్ల అల్లుడే. కొమురవెల్లి మల్లన్నకి ఒకవైపు బలిజ మేడలమ్మ, ఇంకోవైపు గొల్ల కేతమ్మ. కడపలో అయితే బీబీ నాంచారి వరసన వెంకటేశ్వరుడు తమ అల్లుడని ముస్లింలు ఉగాది నాడు దేవుని కడప గుడికి వస్తారు. దాని మీద ఫుల్ ఎపిసోడ్ వచ్చే వారం. ఈలోపు మీ ఊరి దేవుడు ఎవరింటి అల్లుడో మీ నానమ్మనో తాతనో అడిగి కామెంట్లో పెట్టండి. ఉంటా మరి, బై.